నల్లగొండకొచ్చిన కొత్త దొర

ఇంకో రెండు కట్టెలు ఎగదోయి బిడ్డా, చలి గట్టిగనే ఉన్నది. నువ్వు జర్మనీ పోతా అన్న కాడికెల్లి మీ అమ్మకు ఒకటే రంది. ఆడ భాష రాకపాయె, తిండి పడకపాయె, మొదటి నెల ఎట్ల ఎల్లదీస్తదో అని. ఆమెను గూడ పిలువు, ఇట్ల వచ్చి కూసోమను. నూటముప్పై ఏండ్ల కింద జర్మన్ మాట్లాడే ఆలుమొగలు ఇద్దరు మన నల్లగొండకొచ్చి ఎట్ల నెగ్గుకొచ్చిండ్రో చెప్త.

ఆయన పేరు అబ్రహాం ఫ్రీసెన్, ఆమె పేరు మరియా. ఇంట్ల మాట జర్మనే గని దేశం జర్మనీ కాదు, రష్యా. వాళ్లు మెనోనైట్లు. తుపాకి పట్టం, యుద్ధానికి పోం అనేది వాళ్ల మతం. రష్యా రాణి కాథరిన్ భూములిస్తా రమ్మని పిలిస్తె 1789 కాడికెల్లి వాళ్ల పెద్దలు పోయి, ఇప్పుడు ఉక్రెయిన్ అంటున్నం సూడు, ఆ దిక్కు నల్లరేగడిల ఊర్లు కట్టుకున్నరు. గోధుమలు పండిచ్చి బాగ బతికిండ్రు. అండ్లకెల్లి 1860ల ఒక గుంపు ఏరుపడి మెనోనైట్ బ్రదరెన్ అని పేరు పెట్టుకున్నది. పాలమూరుల అందరం ఎంబీ చర్చి, ఎంబీ దవాఖాన అంటం గదా, ఆ ఎంబీ ఇదే. అనేటోళ్లల్ల సగం మందికి ఎం అంటె ఏందో, బీ అంటె ఏందో తెల్వదు. నేను ఎంబీ బడిల సదివి గూడ పెద్దగైనంక తెలుసుకున్న.

మరి బాగ బతికేటోళ్లకు నల్లగొండ ఎందుకు గుర్తొచ్చింది? ఫ్రీసెన్ జర్మనీల హాంబర్గుకు పోయి బాప్టిస్టుల సెమినరీల సదివిండు. ఆ రోజులల్ల బాప్టిస్టులు ఏడ కూసున్నా ఒంగోలు ముచ్చటే. కరువు ఏండ్లల్ల ఆడి అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాల్వ తవ్వకంల మూడున్నర మైళ్ల పని గుత్తకు పట్టి ఆకలోళ్లకు కూలి దొరికేటట్టు చేసిండు. కరువు తగ్గినంక 1878 జూలై 3 నాడు గుండ్లకమ్మ ఒడ్డున ఎల్లంపల్లి కాడ ఒక్క దినంలనే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిండ్రు. దునియంత ఆ లెక్క చెప్పుకున్నది. ఫ్రీసెన్ చెవుల గూడ పడ్డది. ఎంబీలు గూడ నీళ్లల్ల ముంచే బాప్తిస్మం ఇచ్చేటోళ్లే కనుక అమెరికా బాప్టిస్టులతోని పొత్తు కుదిరింది. పైసలు రష్యా రైతులయి, జాగ చూపించింది అమెరికా మిషనోళ్లు. 1889ల ఆలుమొగలు సికింద్రాబాదుల దిగిండ్రు. ఆడ ఉండి భాష నేర్చుకొని, 1890ల నల్లగొండకు మకాం మార్చిండ్రు. మన పాలమూరుకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అని పెట్టింది గూడ ఆ ఏడాదే.

సికింద్రాబాదు దాక రైలుండె. వాడి నుంచి లైను 1874లనే పడ్డది. నల్లగొండకు రైలు ఏడిది? నేను నౌకరీల చేరి ఎన్నో ఏండ్లయినంక గని రాలె. గప్పుడు అరువై మైళ్లు ఎడ్లబండి మీదనే. ఎండకు ఎడ్లు ఆగయని రాత్రిళ్లు నడిపేది, పగటీలి చింతచెట్ల కింద దిగేది. సామాన్లకు ఒక బండి, మనుషులకు కచ్చురం. ఇరుసు కింద కందీలు కట్టేది. అది ఊగుతుంటె ఎడ్ల కాళ్ల నీడ బాట పొడుగూత పెద్దగయ్యేది, చిన్నగయ్యేది. బండ్ల ప్రయాణం నేను చిన్నప్పుడు చేసిన, అందుకే తెలుసు. ఆ కుదుపుల నిద్రపట్టాలంటె అలవాటుండాలె. గట్ల మూడు నాలుగు రోజులు ఒళ్లు పులిసినంక లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట కనవడేది. ఆ రెండు గుట్టల నడుమ నల్లగొండ. పానగల్లు చెరువు, పాత గుళ్లు, సర్కారు కచేరి, ఒక అంగడి. తెల్లతోలు మనుషులు ఊరు మొత్తం మీద వీళ్లిద్దరే.

ఇగ భాష సంగతి ఇను, నీకు పనికొస్తది. ఫ్రీసెన్‌కు ఇంట్ల మాట్లాడుకునే పల్లె జర్మన్ వచ్చు. గుళ్లె మాట్లాడే పెద్ద జర్మన్ వచ్చు. రష్యా సర్కారుతోని రష్యన్, అమెరికా మిషనోళ్లతోని ఇంగ్లీషు. ఇన్ని వచ్చిన మనిషి నల్లగొండ అంగట్ల నిలవడితె మూగోడే. కచేరిల దరఖాస్తు పెట్టాలంటె తెలుగు గూడ పనికిరాదు. 1880 దాటినంక ఫార్సీ పోయి ఉర్దూ వచ్చె. గూడెంల తెలుగు, కచేరిల ఉర్దూ. జేబుల ఉన్నది కల్దారు రూపాయి, ఊర్లె నడిచేది హాలీ సిక్కా. దాన్ని దీన్ని మార్చేకాడ షావుకారు కమీషన్. అంగట్ల ఒక కుండ కొనాలన్న, ఎవడో ఒకడు ఎంబడి ఉండి ఇప్పిచ్చాల్సిందే.

ఆ రోజులల్ల కొత్తగొచ్చిన ఏ దొరకైన మొదటి ఏడాది మున్షీ కాడ గులాంగిరే. పొద్దుగాల్నే మున్షీ వచ్చి కూసునేది. దొర ముంగట బ్రౌను డిక్షనరీ, ఆర్డెన్ వ్యాకరణం. బ్రౌను కడప, మచిలీపట్నం, రాజమండ్రి దిక్కు నౌకరి చేసినాయన, ఆర్డెన్ బందరు పాదిరి. ఆ బుక్కులల్ల తెలుగు నేర్చుకొని నల్లగొండ గూడెంలకు పోతె, ఆడ మనోళ్లు మాట్లాడేది సగం తెలుగు, సగం ఉర్దూ, తొందర తొందర. ఇంగ పలుకు సంగతి! ళ అనబోతె ల వచ్చేది, ణ అసలే రాకపోయేది. ముప్పై ఏండ్ల మనిషి, దేశాలు తిరిగి సదువుకున్నోడు, అక్షరం తప్పు పలికితె గూడెం పోరగాళ్లు పకపక నవ్వేది. గా సిగ్గు దాటినోనికే భాష వచ్చింది. సిగ్గుపడి బంగ్లాల కూసున్నోడు పదేండ్లున్నా దుబాసి మీదనే బతికిండు. నువ్వు గూడ ఆడ పోయినంక మన తెలుగోళ్ల గదిలనే దూరి కూసోకు.

ఎండ గురించి చెప్పనే లేదు. వాళ్ల దేశంల చలికాలం నదులు గడ్డకడ్తయి. మన మే నెల ఎండకు రాళ్లు పగులుతయి. ఎండను చెట్టుకిందనో తడి చాపల ఎనకనో తప్పించుకోవచ్చు. నీళ్ల సంగతే తప్పించుకోరానిది. అప్పట్ల మన దిక్కు దిగుడు బాయిల నీళ్లు తాగితె నారికురుపు లేసేది. నువ్వు సూడలె, నేను సూసిన. తాగిన ఏడాదికి కాలు మీద పొక్కు లేసి, పగిలి, తెల్లటి దారం అసొంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని ఒక్కసారే గుంజొద్దు, తెగిందంటె కాలు వాసి మనిషి మంచం పట్టేది. సన్న పుల్లకు చుట్టి, రోజుకింత చుట్టుకుంట, వారాల తరబడి ఓపిక పట్టాలె. సరిగ్గ నాట్లప్పుడో కలుపులప్పుడో లేసేది, ఇంటికి ఒకలిద్దరు మూలకు పడేది. నీళ్లల్లుండే కంటికి సరిగ్గ ఆనని పురుగు కడుపులకెల్లి ఇది వస్తదని 1870ల కనిపెట్టింది రష్యా ఆయనే, ఫెద్‌చెంకో అని. ఆ సంగతి మన ఊర్ల దాక రానీకె వంద ఏండ్లు పట్టింది. నీళ్లు గుడ్డల వడగట్టుకుంటె సరిపోయే రోగం అది. మన దేశంల ఆఖరు కేసు 1996ల.

గందుకే అంటున్న, కొత్త దొర ముందుగాల నేర్చుకున్నది వాక్యం చెప్పుడు కాదు. ఏ బాయి నీళ్లు తాగాలె, ఏ బాయి కాడికి పోవద్దు, ఎవని ఇంటి ముంగట చెప్పులిడువాలె, గూడెంల కూసున్నంక ఊర్లెకు పోతె ఎవలు మొకం తిప్పుకుంటరు, ఇవి. ఇవన్ని చెప్పింది ఎవలు? వంటాయన, బండి తోలేటాయన, నీళ్లు మోసేటామె. వీళ్లందరికన్న మించి రామాయపట్నం సెమినరీల సదువుకొని వచ్చిన తెలుగు ప్రసంగీకులు, ఆడోళ్ల మధ్య తిరిగే బైబిలు స్త్రీలు. మాల మాదిగ గూడెంలల్ల ఎవలింట్ల ఎవలు పెద్ద, ఏ దేశ్‌ముఖ్ వెట్టి ఎంత పీడిస్తుండు, ఏ గూడెం ఇనేటట్టున్నది, ఏది కొట్టేటట్టున్నది, అన్ని వీళ్లకే ఎరుక. దొర నాలుగు ముక్కలు ముక్కుకుంట చెప్పినంక అసలు మాట చెప్పింది వీళ్లు. చర్చి చరిత్ర బుక్కులు నేను చాన సదివిన. దొర ఏ ఏడాది దిగిండు, బంగ్లా ఎప్పుడు కట్టిండు, బాప్తిస్మాలు ఎన్ని, అన్ని ఉంటయి. ఈ మనుషులకు ఆడ ఒక వరుస దొరికితె గొప్ప. నాకైతె అదొక్కటే కోపం.

దొరలు మంచోళ్లా చెడ్డోళ్లా అని అడుగుతవు, నాకెరుకే. బడి పెట్టిండ్రు, మందిచ్చిండ్రు, వెట్టిల నలిగేటోన్ని కుర్చీల కూసోబెట్టిండ్రు. అదే నోటితోని మన జాతర, మన డప్పు, మన పోచమ్మ అంత చీకటి అన్నరు. రెండూ నిజమే. దేన్నీ దాచిపెట్టొద్దు.

ఫ్రీసెన్ తట్టుకున్నడు గని అందరు తట్టుకోలె. 1899ల అమెరికా ఎంబీలు ఎన్.ఎన్. హీబర్ట్ అనే ఆయనను, భార్యను, ఎలిజబెత్ నోయ్‌ఫెల్డ్ అనే ఆమెను పంపిచ్చిండ్రు. ముందుగాల నల్లగొండల ఫ్రీసెన్‌ల కాడనే ఉండి పని నేర్చుకున్నరు. హైదరాబాద్ మలక్‌పేటల కాలు నిలుపుదామనుకునేటాలకు రోగాలు చుట్టుముట్టినయి. హీబర్ట్ ఆలుమొగలు 1901ల తిరుగు ఓడ ఎక్కిండ్రు. తర్వాత 1902ల పంక్రాట్జ్ వచ్చిండు, ఆయనెనుక బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలుకు, ఫోత్ దేవరకొండకు, ఒకలెనుక ఒకలు. ఫ్రీసెన్ 1908ల ఒళ్లు బాగలేక రష్యా పోయిండు, మళ్ల రాలె. జర్మనీ యుద్ధం, దానెంబడి రష్యాల విప్లవం వచ్చి అటు పైసలు బందైనయి, నల్లగొండ పని అమెరికా బాప్టిస్టుల చేతిల పడ్డది. పాలమూరుల బాప్టిస్టులు 1885ల పెట్టిన స్టేషను మాత్రం 1937ల ఎంబీలకు వచ్చింది. గందుకే ఈయాల నల్లగొండల బాప్టిస్టులు, పాలమూరుల ఎంబీలు.

ఆ ఎంబీలల్ల షెల్లెన్‌బర్గ్ డాక్టరమ్మ ముచ్చట మీ అవ్వ బాగ చెప్పేది. కాతరీన షెల్లెన్‌బర్గ్. పుట్టింది రష్యాలనే, పెరిగింది అమెరికాల. డాక్టరు సదివి 1907ల ఒక్కతే వచ్చింది, పెండ్లి గూడ చేసుకోలె. మొగ డాక్టరుకు చెయ్యి సూపెట్టని ఆడోళ్లు ఎంతమందో గప్పుడు. కాన్పు కష్టమై బండిల పడుకోబెట్టి తెస్తె, తలుపు ముంగట డాక్టరమ్మ కనవడుడే సగం ధైర్యం. శంషాబాద్ దవాఖానల పనిజేసుకుంటనే 1945 జనవరి 1 నాడు పోయింది.

మనోళ్లు గూడ బయటి దేశం పోయిండ్రు, అది మర్చిపోకు. జాన్ రంగయ్య అని నెల్లూరు దిక్కు ఆయన, 1903ల ఆఫ్రికాల నటాల్ పోయిండు. దొరలు పంపిచ్చలె, తెలుగు బాప్టిస్టులే చందాలేసుకొని పంపిండ్రు. చెరుకు తోటలల్ల, తేయాకు తోటలల్ల కట్టుగూలికి పోయిన తెలుగోళ్లు ఆడ ఉండిరి. ఆయనకు మున్షీ అక్కరలేదు, ఓడ దిగినంక తెలుగులనే పలకరించిండు. ఆ ఏడాది డిసెంబర్లనే కియర్స్నీల తెలుగు సంఘం నిలబెట్టిండు. సొంత భాషోళ్లు ఎదురొస్తె పని ఎంత సులువో చూడు.

ఇగ నాకు బాగ నచ్చిన ముచ్చటకు వస్తున్న. పాల్ హీబర్ట్ అని ఒకాయన. 1932ల మన శంషాబాద్‌లనే పుట్టిండు, అమ్మ నాయన ఎంబీ మిషనరీలు. సదువుకు అమెరికా పోయి, మిన్నెసోటాల మానవ శాస్త్రం సదివి, 1960 ప్రాంతంల తనే మిషనరీగ భార్యతోని పాలమూరు దిక్కు వచ్చిండు. పుట్టిన ఊరికి పరాయోని తీరు వచ్చుడంటె అదే. నాలుక మీద మన తెలుగే, పాస్‌పోర్టు అమెరికాది.

ఆయన కొత్తగ పనిల చేరిన రోజులల్ల ముచ్చింతల సంఘం పెద్ద ఒకాయన గుమ్మం ముంగటికి వచ్చి నిలవడ్డడు. ఊర్లె అమ్మవారు పోసింది, పిల్లలు పోతున్నరు. ఊరి పెద్దలు సోదె చెప్పేటోన్ని పిలిపిస్తె, మైసమ్మ తల్లికి కోపమొచ్చింది, దున్నపోతును కొట్టాలె అన్నడు. మన దిక్కు అమ్మవారంటె పోచమ్మ, ఆయన బుక్కుల మైసమ్మ అని రాసిండు. ఊరికో తీరు, దానికి పంచాయితి అక్కరలేదు. బలికి ఇంటింటికి చందా వేసిండ్రు. అందరిస్తెనే తల్లి ఒప్పుకుంటది, ఒక్క ఇల్లు తప్పినా లెక్క తప్పుతది. కిరస్తానీలు మేమియ్యం అన్నరు.

ఇగ చూడు. షావుకారు ఉప్పు పప్పు అమ్మ అన్నడు. బాయి కాడ నీళ్లు చేదనియ్యలె. కుమ్మరి కుండ ఇయ్యలె. ఊర్లె ఉండుకుంట ఊరు లేకుంట బతుకుడెట్ల? గింతట్ల కిరస్తానీ ఇండ్లల్లనే ఒక చిన్న పిల్లకు అమ్మవారు పోసింది. సంఘం పెద్ద వచ్చింది గా పిల్ల కోసం. దొరా, ప్రార్థన చెయ్యి అన్నడు.

ఆ కొత్త దొర మోకాళ్ల మీద కూసున్నడు గని మనసంత అల్లకల్లోలం. పరలోకం గురించి అడిగితె చెప్పగలడు. టీకా గురించి అడిగితె గూడ చెప్పగలడు, సైన్సు సదివిండు. ఊరు అడిగేది రెంటి నడుమది. ఈ పిల్లకే ఎందుకొచ్చింది, ఎవలికి కోపమొచ్చింది, ఎవల దేవునికి బలమున్నది. ఈ నడిమి సంగతికి తన సదువుల జవాబు లేదు. ఇవన్ని ఆయన తనే రాసుకున్నడు, దాపరికం లేకుంట. ప్రార్థన అయితె చేసిండు.

వారమైనంక పెద్దాయన వచ్చి పిల్ల పోయింది అన్నడు. కొత్త దొర చిత్తుగ ఓడిపోయిన అనుకున్నడు. నేనేం మిషనరీని, ఎందుకొచ్చిన ఈడికి అని. ఇంకొన్ని వారాలు గడిసినయి, అదే పెద్దాయన మళ్ల వచ్చిండు. ఈసారి మొకం ఎలిగిపోతుంది. పిల్ల చచ్చిపోయింది గదా, ఇంత సంబురమేంది అని దొర అడిగిండు. పెద్దాయన చెప్పిండట, పిల్ల బతికితె మీ దేవుడు గట్టోడే అని ఊరోళ్లు ఒప్పుకునేటోళ్లే, కని ఎప్పటికన్నా చావాల్సిన పిల్లనే గదా అని వాళ్లకూ ఎరుక. చావు కాడ మనం మళ్ల కలుస్తం అనే ధీమాతోని సాగనంపిన తీరు చూసి ఆశ్చర్యపోయిండ్రు, ఇప్పుడు మన కాడికొచ్చి అడుగుతుండ్రు అని. దేవుని సంగతి నమ్ముతవో నమ్మవో అది నీ ఇష్టం. గుమ్మం లోపల కూసున్నది ఎవలు, నేర్పింది ఎవలు, అది జూడు. నిలవడ్డాయనే నేర్పిండు.

దానెనుక హీబర్ట్ బుద్ధిగ ఊరు సదివిండు. ఏ కులం ఏడ కూసుంటది, ఎవలు ఎవలింట్ల తింటరు, పంచాయితి ఎట్ల తెగుతది, జాతరకు ఎవలు ఏం తెస్తరు, అన్ని అడిగి అడిగి రాసుకున్నడు. మన పాలమూరు ఊరి మీద ‘కొండూరు’ అని బుక్కు రాసిండు, 1971ల మిన్నెసోటా యూనివర్సిటీ అచ్చేసింది. తర్వాత కాలిఫోర్నియాల, షికాగో కాడ, దేశదేశాలకు పోబోయే మిషనరీలకు పాఠం చెప్పే మాస్టరయిండు. ఆ నడిమి సంగతి మీద 1982ల ఒక వ్యాసం రాస్తె, ఇప్పటికీ ఆ కోర్సు తీసుకున్న పోరగాళ్లతోని దాన్ని సదివిస్తరట. తెలుగు ముక్క రానోళ్లు, మైసమ్మ పేరు నోరు తిరగనోళ్లు, పాలమూరు ఏడున్నదో పటంల చూపించలేనోళ్లు, మన ఊర్లల్ల బతికిన మనిషి తలనొప్పులకెల్లి పుట్టిన పాఠం మీద పరీక్షలు రాస్తున్నరు. 2007ల హీబర్ట్ పోయిండు. ఆ గుమ్మం ముంగట నిలవడ్డ పెద్దాయన ఎప్పుడు పోయిండో అడుగుదామంటె, చెప్పేటోళ్లు నాకింకా దొరకలె.